మీ వాడి టీచరుకి ఏమివ్వాలంటే

అమ్మడూ,

సెలవులు ఇచ్చేలోగా బుజ్జిగాడి టీచరుకి గుర్తుండిపోయేది ఏదైనా ఇవ్వాలని రోజూ ఫోన్‌లో వెతుకుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ముచ్చటేసింది. చిన్నప్పుడు నీ టీచరు ఎదురొస్తే పక్కసందులోకి తప్పుకునేదానివి! ఆ మాట వెంటే "కాస్త ఖరీదైనవే చూస్తోందక్కా" అని కూడా అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్. పట్టుకున్నావంటే వదలవు కాబట్టి, కొనేలోపే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తా. స్కూల్లో రూలేంటో కనుక్కో. చాలాచోట్ల టీచర్లు తీసుకునే బహుమతి విలువకు పరిమితి ఉంటుంది, కొన్నిచోట్ల అసలు తీసుకోకూడదు. సెంట్లు, వాసన కొవ్వొత్తులు వద్దు, అవి పడనివాళ్లు ఉంటారు. తినేవి ఇచ్చేటట్టయితే ఆవిడకు ఏవి పడవో తెలుసుకుని ఇవ్వు. "బెస్ట్ టీచర్" అని రాసిన కప్పులు నేను రిటైరయ్యేనాటికి అలమర నిండా ఉండేవి. ఏది ఎవరిచ్చారో చెప్పమంటే చెప్పలేను.

ఖరీదు మాట వింటే నాకు గుబులెందుకో నీకెప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా క్లాసులో ఒక పిల్లాడుండేవాడు. తెలివైనవాడే, లెక్కల్లో మాత్రం తొందర. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్న వారంలో వాళ్లమ్మ వచ్చి, క్లాసు జరుగుతుండగా, పిల్లలందరి ముందూ నా చేతిలో ఒక పెట్టె పెట్టింది. విప్పితే చేతి గడియారం. నా నెల జీతానికి వచ్చేది కాదు. ఆవిడ మనసులో ఏ దురుద్దేశమూ లేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. కొడుకు దారిలో పడ్డాడన్న సంతోషం ఆవిణ్ణి ఆగనివ్వలేదు, అంతే.

ముందు వరసలోవాళ్లు గడియారం వంకే చూస్తున్నారు. వెనక బెంచీలో ఒకమ్మాయి తను గీసిన బొమ్మ కాగితాన్ని పుస్తకాల అడుక్కి తోసేసింది. పొద్దున్నే కాస్త చివర చూపించి "సాయంత్రం ఇస్తా టీచర్" అని ఊరించిన బొమ్మ అది. సాయంత్రం అడిగితే పోయిందంది.

మర్నాడు గడియారం తిరిగి పంపించేశాను. ఆవిడ నొచ్చుకుంది. తనవల్లే ఏదో తప్పు జరిగిందనుకుని పిల్లాడు నా బల్ల దగ్గరకు రావడం మానేశాడు. ఇక వాడి పేపరు! ఎక్కువ వేస్తే గడియారం చూసి వేశానంటారు, తక్కువ వేస్తే అలా అనిపించుకోకూడదని వేశానని నాకే అనుమానం. చివరికి పక్క సెక్షన్ మాస్టారితో దిద్దించాను. మంచి మార్కులే వచ్చాయి. తోటి పిల్లలు మాత్రం వాటికి "గడియారం మార్కులు" అని పేరు పెట్టారు. కష్టపడి తెచ్చుకున్న మార్కులు, పాపం, ఆ ఏడాదంతా వాడివి కాకుండా పోయాయి.

కాబట్టి మార్కులు ఇచ్చేశాకే నువ్వు ఇచ్చేది ఇవ్వు. క్లాసులో ఇవ్వకు, ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టకు. పెట్టావని తెలిసిందో, ఫోన్ చేసి మరీ తిడతాను. అందరూ కలిసి ఒకటి కొందామంటే అది ఇంకా మంచిది. కార్డు మీద క్లాసులో పిల్లలందరి పేర్లూ ఉండాలి, డబ్బు వెయ్యలేనివాళ్లవి కూడా. ఎవరెంత వేశారన్నది కార్డులోనే కాదు, గ్రూపులో కూడా కనపడకూడదు. ఏం కొనాలో తోచకపోతే ఆవిణ్ణే అడగండి. క్లాసు అలమరలోకి కథల పుస్తకాలు కావాలనొచ్చు, తన జేబులోంచి కొనుక్కునే మార్కర్లు, స్టిక్కర్లే కావాలనొచ్చు. క్లాసులో సాయంగా ఉండే ఆవిణ్ణి, బస్సు డ్రైవర్ని మర్చిపోకండి.

వస్తువు ఏదైనా సరే, దానితోపాటు ఒక ఉత్తరం రాయి. ఫ్రెంచ్ రచయిత ఆల్బర్ట్ కామూకి 1957లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కబురు విన్నప్పుడు తల్లి తర్వాత తనకు గుర్తొచ్చింది చిన్నప్పటి బడి మాస్టారు లూయి జెర్మాఁ అని, ఆ మాస్టారికే ఉత్తరం రాశాడాయన. తండ్రి లేని పేద పిల్లాణ్ణి స్కాలర్‌షిప్ పరీక్షకు తయారుచేసిన మాస్టారు మరి. బుజ్జిగాడికి నోబెల్ వచ్చేదాకా నువ్వు ఆగక్కర్లేదు.

"ఎబ్బెట్టుగా ఉంటుందేమో పెద్దమ్మా" అంటావు, నిన్నెరగనా? అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఈ బెరుకునే పరీక్షించారు. థాంక్స్ చెబుతూ ఉత్తరం రాసినవాళ్లు అవతలివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని ఉన్నదానికంటే ఎక్కువ భయపడ్డారు. వాళ్లకు కలిగిన సంతోషాన్నేమో తక్కువగా లెక్కేశారు.

"మీరు గొప్ప టీచర్" అని రాసి ఊరుకోకు, అది కప్పు మీదా ఉంటుంది. చదవమంటే కడుపునొప్పి అనేవాడు ఇప్పుడు కనపడిన బోర్డల్లా చదువుతున్నాడట కదా. అది ఎప్పుడు మొదలైంది? ఆవిడ ఏం చేసింది? వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుందా, వాడికి నచ్చిన పుస్తకం వెతికిచ్చిందా? వాణ్ణే అడిగి, ఉన్నదున్నట్టు రాయి. ఒక కాపీ హెడ్మాస్టరుకి పంపు. ఆ బల్ల మీదకి ఎప్పుడూ ఫిర్యాదులే వెళ్తుంటాయి. నా గురించి ఒకరు మంచిమాట రాసిన కాగితాన్ని మా హెడ్మాస్టరు పిలిచి చూపించిన రోజున స్టాఫ్ రూములో నా నడకే మారిపోయింది, నవ్వకు.

అడుగున బుజ్జిగాడి చేత కూడా రెండు లైన్లు రాయించు. తప్పులుంటే ఉండనీ, దిద్దకు. ఏ అక్షరం దగ్గర వాడు తడబడతాడో వాళ్ల టీచరుకి నీకంటే బాగా తెలుసు. అంతా రాశాక ఒకసారి ఫోన్ చేసి నాకు చదివి వినిపించు. ఎర్ర పెన్ను తియ్యనులే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ