కణంలోని రసాయన పదార్థాల పేర్లన్నీ కలిసిపోతుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్నానని, జీవాణువుల పాఠంలో కార్బోహైడ్రేట్లు, లిపిడ్లు, ప్రోటీన్లు, న్యూక్లిక్ ఆమ్లాలు అన్నీ తలలో కలిసిపోతున్నాయని, ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదని రాశారు. నేను డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెబుతాను. చదువుకునే రోజుల్లో నాకూ ఇది పేర్ల జాబితాగానే కనిపించేది. ఎమ్మెస్సీలో ఒక నీలం రంగు వల్ల అది మారింది కాబట్టి అక్కణ్నుంచే చెబుతాను.

ఫాస్ఫేట్ ఎంత ఉందో కొలిచే ప్రాక్టికల్ అది. శాంపిల్‌లో అమ్మోనియం మాలిబ్డేట్ ఆమ్లద్రావణం పోసి, ఆపైన క్షయకరణం చేసే మందు కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురుగా ఉంటుంది. నా ర్యాక్‌లో బ్లాంక్ కూడా నీలంగా మారింది. బ్లాంక్ అంటే శాంపిల్ వేయని ట్యూబు, దానికి రంగు రాకూడదు. మర్నాడు మళ్లీ చేశాను, మళ్లీ నీలమే. పరీక్షలు దగ్గరికొచ్చేశాయి, చాలా టెన్షన్ పడ్డాను. చివరికి మా మేడమ్ వచ్చి ట్యూబులు దేంతో కడిగావని అడిగారు. డిటర్జెంట్ పొడితో కడిగాను. అందులో ఫాస్ఫేట్ ఉంది, గాజుకు అంటుకున్న ఆ కాస్త చాలు రంగు రావడానికి. ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు తొలిచి చేస్తే బ్లాంక్ తేటగా నిలిచింది.

మాన్యువల్‌లో ఆ పద్ధతి పేరు ఫిస్కే–సుబ్బారో. ఆ సుబ్బారో 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారేనని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ఈ పద్ధతిని ప్రచురించారు. వాళ్లు కండరం నుంచి తీసిన రసంతో ఈ పరీక్ష చేసినప్పుడు నీలం ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఫాస్ఫేట్ అందులో దేనికో అతుక్కుని ఉండి, ఆమ్లంలో నిదానంగా విడిపోతోందన్నమాట. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, అంటే క్రియాటిన్‌కు ఫాస్ఫేట్ అతుక్కున్న పదార్థం, బయటపడింది. 1929లో కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీని కూడా వాళ్లు వేరుచేశారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నారు. రంగు ఆలస్యంగా వస్తోందని పారబోయకుండా, ఎందుకు ఆలస్యమవుతోందని ఆగి చూశారు ఆయన. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత నేను పేర్లు వదిలేసి, ఏది దేనికి ఎలా అతుక్కుంటుందో చూడటం మొదలుపెట్టాను. మీరూ అలాగే చేయండి. కణం బరువులో దాదాపు 70 శాతం నీరే, తర్వాతి పెద్ద వాటా ప్రోటీన్లది. పెద్ద అణువులన్నీ చిన్న ముక్కలు అతుక్కుని తయారైనవే. రెండు ముక్కలు అతుక్కుంటే ఒక నీటి అణువు బయటికి పోతుంది. విడదీయాలంటే ఒక నీటి అణువును తిరిగి ఇవ్వాలి. గ్లూకోజులు వరసగా అతుక్కుంటే పిండి. అమైనో ఆమ్లాలు అతుక్కుంటే ప్రోటీను, వాటిలో రకాలు 20. న్యూక్లియోటైడ్లు అతుక్కుంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ. కూర కలపని అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని రెండు నిమిషాలు మింగకుండా నమలండి, తియ్యదనం తెలుస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ నీటి సాయంతో పిండి గొలుసును తెంపి మాల్టోజ్ చేస్తుంది. పాఠంలో జలవిశ్లేషణ అని రాసింది దీన్నే.

పిల్లలు ఎక్కువగా తడబడేది లిపిడ్ల దగ్గర, ఎందుకంటే వీటిలో పొడవాటి గొలుసు కట్టడం ఉండదు. నూనెలో ఒక గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి, అంటే పోయిన నీటి అణువులు మూడు. ఇప్పుడు మూడో కొవ్వు ఆమ్లాన్ని తీసి అక్కడ ఫాస్ఫేట్ పెట్టండి. ఫాస్ఫేట్ ఉన్న వైపు నీళ్లలో కలుస్తుంది, కొవ్వు తోకలు నీళ్లకు దూరంగా జరుగుతాయి. ఇలాంటివి లక్షల కొద్దీ నీళ్లలో ఉంటే తోకలు లోపలికి, తలలు బయటికి ఉండేలా రెండు వరసలుగా సర్దుకుంటాయి. కణం చుట్టూ ఉండే పొర, అంటే కణత్వచం, అదే. ఎవరూ కుట్టనక్కర్లేదు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే అందంగా అనిపించేది ఇదే, క్లాసులో దీనికి గంట పట్టినా నేను తొందరపడను.

ఫాస్ఫేట్ త్వచంలో ఉంది, డీఎన్ఏ వెన్నుగా చక్కెరతో వంతులేసుకుని ఉంది, ఏటీపీలో మూడు ఉన్నాయి. ఈ రాత్రికి ఒక పని చేయండి. తెల్లకాగితం మీద ఏటీపీ బొమ్మ గీయండి: అడెనిన్, దానికి రైబోజ్ చక్కెర, దానికి వరసగా మూడు ఫాస్ఫేట్లు. చివరి రెండు ఫాస్ఫేట్లు చెరిపేయండి. కాగితం మీద మిగిలింది ఏఎంపీ, అంటే ఆర్ఎన్ఏ గొలుసులో ఉండే నాలుగు రకాల ముక్కల్లో ఒకటి. శక్తినిచ్చే అణువు, సమాచారం మోసే అణువు ఒకే బొమ్మలో వచ్చాయి. ఎక్కడైనా ఆగిపోతే ఆ బొమ్మ ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.