టెలిమార్క్ బూట్లు: పాదం ఎక్కడ వంగుతోందో చూడండి

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. చలికాలంలో గుల్మార్గ్‌లో టెలిమార్క్ స్కీలతో (మడమ స్కీకి బిగించకుండా వదిలేసే రకం) కొండ ఎక్కి దిగాలని ఉందండి. బూట్ల సైజు ఎలా చూసుకోవాలి?

జవాబు: చెప్పుల నంబరు పక్కన పెట్టేయండి. వీటి సైజు పాదం పొడవుని బట్టి సెంటీమీటర్లలో ఉంటుంది, సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బాక గోడకు మడమ ఆనించి కొలవండి. బూట్లు వచ్చాక లోపలి మెత్తటి లైనర్ తీసేసి, ఖాళీ షెల్‌లో (బయటి గట్టి తొడుగులో) కాలి వేళ్లు ముందు తగిలేలా నిలబడితే మడమ వెనక చేతి వేలున్నర మందం సందు ఉండాలి, రెండు వేళ్లు దాటితే వద్దు. టెలిమార్క్‌లో మడమ పైకి లేస్తుంది కదా, అందుకే బూటు ముందువైపు ముడతలున్న చోటే మీ పాదం వంగాలి, లేకపోతే వేళ్లు నొక్కుకుపోతాయి. మీ బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) పాత 75 మిల్లీమీటర్ల రకమా, ఎన్‌టీఎన్ అనే కొత్త రకమా అని ముందే తేల్చుకోండి, బూటు దానికి సరిపోవాలి. పల్చటి ఉన్ని సాక్సు ఒక్కటి చాలు. ఇంట్లోనే గంటసేపు మోకాళ్లు వంచుతూ తిరిగి చూడండి, మన ఉక్కకు చెమట పట్టేస్తుంది కాబట్టి తర్వాత లైనర్ తీసి ఫ్యాన్ కింద ఆరబెట్టండి.