అమెరికా చరిత్ర పిల్లలతో కలిసి చదవాలంటే జీన్ ఫ్రిట్జ్‌తో మొదలుపెట్టండి

నాలుగో తరగతి చదివే మీ బాబుకి సోషల్ స్టడీస్‌లో అమెరికన్ రివల్యూషన్, అంటే బ్రిటన్ నుంచి విడిపోవడానికి చేసిన పోరాటం, మొదలైందని, ఇండియాలో చదువుకున్న మీ ఇద్దరికీ అందులో పెద్దగా తెలియదని రాశారు. వాడంతట వాడు చదివేలా, మీరూ పక్కన కూర్చుని ఇష్టంగా చదివేలా రాసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారండి, పిల్లల కోసం అమెరికా చరిత్ర రాసిన రచయిత్రి జీన్ ఫ్రిట్జ్. మా అమ్మాయి అదే వయసులో ఉన్నప్పుడు లైబ్రరీలో పిల్లల పుస్తకాలు చూసే ఆవిడ ఒకటి చేతిలో పెట్టారు, ఆ తర్వాత ఫ్రిట్జ్ రాసినవి వరసగా తెచ్చుకుని చదివాం, పెద్దవాళ్ల కోసం రాసిన పుస్తకంతో సహా.

ముందు 'అండ్ దెన్ వాట్ హ్యాపెన్డ్, పాల్ రివీర్?' తెచ్చుకోండి. 1973లో వచ్చిన సన్న పుస్తకం, బొమ్మలుంటాయి, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. బ్రిటిష్ సైన్యం బయల్దేరుతోందని 1775 ఏప్రిల్ 18 రాత్రి గుర్రం మీద వెళ్లి ఊళ్లను లేపినాయన కథ. మా అమ్మాయి స్కూల్ పుస్తకంలో ఆయనకి దక్కింది ఒక పేరా. ఫ్రిట్జ్ పుస్తకంలో అయితే ఆయన వెండిపని చేస్తాడు, కట్టుడు పళ్లు అమర్చి డబ్బు సంపాదిస్తాడు, పడవ తెడ్ల చప్పుడు వినపడకుండా చుట్టడానికి ఆ హడావిడిలో గుడ్డ తెచ్చుకోవడం మర్చిపోతాడు, ఎవరో అమ్మాయి లంగా ఇస్తే అది తెడ్లకి చుట్టి నది దాటుతారు. లెక్సింగ్టన్ చేరాడు కానీ కాంకర్డ్ చేరకముందే బ్రిటిష్ వాళ్లకి దొరికిపోయాడు, అక్కడికి కబురు తీసుకెళ్లింది శామ్యూల్ ప్రెస్కాట్ అనే డాక్టరు. మా అమ్మాయి ఆ పుస్తకం మూసి "మరి పేరంతా ఈయనకే ఎందుకొచ్చింది?" అని అడిగింది. ఆ ప్రశ్న పిల్లల నోటి నుంచి వచ్చిందంటే ఇక చరిత్ర అంటే భయం పోయినట్టే అని నా నమ్మకం.

నాకు ఫ్రిట్జ్ మీద గౌరవం ఎందుకంటే, ఈ జీవిత చరిత్రల్లో సంభాషణలు కల్పించరు. ఎవరైనా ఫలానా మాట అన్నారని కోట్స్‌లో రాశారంటే అది ఏదో ఉత్తరంలోనో డైరీలోనో ఉన్నదే. పిల్లల పుస్తకమే కదా అని రచయితలు సొంత డైలాగులు పెట్టేసే రోజుల్లో ఆవిడ ఈ పట్టు పట్టారు, అయినా ఎక్కడా బోరు కొట్టదు. పుస్తకం చివర నోట్స్ ఉంటాయి, అవి వదిలెయ్యకుండా చదవండి.

తర్వాత 'కాంట్ యూ మేక్ దెమ్ బిహేవ్, కింగ్ జార్జ్?' ఇది రాజుగారి వైపు నుంచి చెప్పిన కథ. 22 ఏళ్లకే గద్దెనెక్కిన మూడో జార్జి అన్నమాట. మనలాంటి ఇళ్లల్లో ఈ పుస్తకం దగ్గర కాసేపు ఆగాలి. అమెరికన్ల మీద స్టాంపు పన్ను వేసిన 1765లోనే ఉత్తర సర్కారుల మీద ఈస్టిండియా కంపెనీకి మొఘల్ చక్రవర్తి ఫర్మానా ఇచ్చాడు, అంటే మా గోదావరి వైపు ఊళ్లన్నీ అదే రాజు కాలంలో అదే కంపెనీ కిందికి వచ్చాయి. పన్నుకి ఎదురుతిరిగి బోస్టన్ రేవులో 1773లో అమెరికన్లు పారబోసిన టీ కూడా ఆ కంపెనీదే. యార్క్‌టౌన్‌లో అమెరికన్ల చేతిలో ఓడిపోయిన బ్రిటిష్ సేనాధిపతి కార్న్‌వాలిస్ ఐదేళ్లకి గవర్నర్ జనరల్‌గా ఇండియా వచ్చి టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేశాడు. ఇవి ఆ పుస్తకంలో ఉండవు, మీరే చెప్పాలి. ప్రపంచపటం పక్కన పెట్టుకుని మా అమ్మాయికి చెప్తే, అప్పటిదాకా వేరే వాళ్ల గొడవ అనుకున్నది తాతయ్యగారి ఊరి కథ కూడా అయిపోయింది.

ఇంకో సంగతి, ఫ్రిట్జ్ పుట్టింది అమెరికాలో కాదు. 1915లో చైనాలోని హాంకౌలో పుట్టారు, వాళ్ల నాన్న అక్కడ వైఎంసీఏ అనే క్రైస్తవ సంస్థలో పనిచేసేవారు. పన్నెండు పదమూడేళ్ల దాకా అక్కడే పెరిగి, తనది అని అందరూ చెప్పే దేశాన్ని ఉత్తరాల్లోనే చూశారు. బ్రిటిష్ స్కూల్లో రాజుగారి పాట పాడనని మొండికేసిన సంఘటనతో సహా ఆ బాల్యమంతా 'హోమ్‌సిక్'లో రాశారు, 1982లో వచ్చింది. జ్ఞాపకాలు వరస తప్పుతాయి కాబట్టి దీన్ని కల్పన కిందే లెక్కెయ్యమని ముందుమాటలో నిజాయితీగా చెప్పేశారు. "మీది ఏ ఊరు?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి ఆలోచించే మన పిల్లలకి ఇది ఇచ్చి చూడండి. కానీ నాలుగో తరగతికి తొందర, ఒకటి రెండేళ్లు ఆగితే మంచిది.

మీరు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదవాల్సి వస్తే 'ష్! వీ ఆర్ రైటింగ్ ది కాన్‌స్టిట్యూషన్' పనికొస్తుంది. నేను పరీక్ష రాసినప్పుడు 100 ప్రశ్నల లిస్టు ఇచ్చి అందులో 10 అడిగేవాళ్లు, బట్టీ కొడుతుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు. 1787 ఎండాకాలంలో ఫిలడెల్ఫియాలో తలుపులు, కిటికీలు బిగించుకుని రాజ్యాంగం రాసినవాళ్లు ఎలా వాదించుకున్నారో, 81 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని పల్లకీలాంటి కుర్చీలో ఎలా మోసుకొచ్చారో, రోడ్ ఐలాండ్ రాష్ట్రం అసలు మనిషినే ఎందుకు పంపలేదో తెలిశాక ఆ సమాధానాలు వాటంతట అవే గుర్తున్నాయి. రాజ్యాంగం మొత్తం పుస్తకం వెనక ఉంటుంది.

ఆవిడ ఒక్కరితోనే సరిపెట్టుకోకండి, ఇది గట్టిగా చెప్తున్నాను. నల్లవాళ్ల బానిసత్వం గురించి ఈ సన్న పుస్తకాల్లో చాలా తక్కువ. పోకహాంటస్ అనే అమెరికా ఆదివాసీ అమ్మాయి మీద 1983లో రాసినదాంట్లో ఆధారాలు దాదాపు అన్నీ ఇంగ్లీషువాళ్లు రాసుకున్నవే, ఆ అమ్మాయి సొంత మాట ఎక్కడా మిగల్లేదు. దానికి తోడుగా తనది అబెనాకి అనే ఆదివాసీ తెగ అని చెప్పుకునే రచయిత జోసెఫ్ బ్రూచాక్ రాసిన 'పోకహాంటస్' పెట్టుకోండి. బాబు కాస్త పెద్దయ్యాక మిల్టన్ మెల్ట్‌జర్ కూర్చిన 'ది బ్లాక్ అమెరికన్స్' ఇవ్వండి, అందులో నల్లవాళ్ల ఉత్తరాలు, ప్రసంగాలు వాళ్ల మాటల్లోనే ఉంటాయి.

ఇక మీ ఇద్దరికీ 'కాస్ట్ ఫర్ ఎ రివల్యూషన్', ఫ్రిట్జ్ 1972లో పెద్దవాళ్ల కోసం రాసింది. మెర్సీ ఓటిస్ వారెన్ అనే రచయిత్రి చుట్టూ తిరుగుతుంది. ఆడపిల్లలని కాలేజీకి పంపని కాలంలో ఆవిడ నాటకాలు రాసి, 1805లో రివల్యూషన్ చరిత్రనే మూడు సంపుటాలుగా వేశారు. అందులో తనని తక్కువ చేశారని పాత స్నేహితుడు, మాజీ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి పోట్లాడారు, ఆవిడ ఒక్కదానికీ తగ్గలేదు. నాకు అన్నిట్లోకీ నచ్చింది ఇదే. మామూలు లైబ్రరీల్లో దొరకడం కష్టం, కౌంటర్ దగ్గర ఇంటర్ లైబ్రరీ లోన్ అని అడగండి. మాకు వేరే ఊరి నుంచి తెప్పించి ఇచ్చారు, డబ్బులేమీ తీసుకోలేదు.