గైల్ దగ్గర ఆగిపోతున్నారా? ఫ్లాష్ కిక్‌ని వృథా చేయించండి

స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో ర్యూ అనే పాత్రతో ఆడుతూ, కంప్యూటర్ ఆడించే గైల్ అనే పాత్ర చేతిలో ప్రతిసారీ ఓడిపోతున్నానని, తప్పు మీదా ఆటదా అని అడిగారు. చెరి సగం అనుకోండి.

ముందు ఆట తప్పు చెబుతాను. గైల్ దూరం నుంచి విసిరే దెబ్బ సోనిక్ బూమ్ వేయాలంటే మనం స్టిక్‌ని కాసేపు వెనక్కి పట్టుకుని, తర్వాత ముందుకు నెట్టి పంచ్ నొక్కాలి. కంప్యూటర్‌కి ఆ నియమం లేదు, ముందుకు నడుస్తూనే వేసేస్తుంది! పైగా 1991లో వచ్చిన ఈ మొదటి వెర్షన్‌లో దెబ్బలు మరీ గట్టివి. వరసగా కొన్ని తగిలితే కళ్లు తిరిగి నిలబడిపోతాం.

ఇక మీ వైపు. దూరం నుంచి హడోకెన్‌లతో (ర్యూ విసిరే శక్తి బంతులతో) పోటీ పడకండి. హడోకెన్, సోనిక్ బూమ్ రెండూ ఢీకొని మాయమవుతాయి గానీ, గైల్ మీకంటే ముందే తేరుకుంటాడు. బదులుగా సోనిక్ బూమ్‌ని బ్లాక్ చేస్తూ దగ్గరికి వెళ్లి, అతనికి అందనంత దూరంలో దిగేలా దూకండి. చాలాసార్లు ఫ్లాష్ కిక్ (గాల్లోకి ఎగురుతూ తన్నే దెబ్బ) వేసేస్తాడు, అది గాలికి పోతుంది. అతను కిందికి దిగుతుండగానే కూర్చుని పెద్ద కిక్‌తో కాళ్లు లాగేయండి. మళ్లీ అదే. చూడ్డానికి పిరికి ఆటలా ఉంటుంది, ఉండనివ్వండి.

మనిషితో ఆడితే మాత్రం లెక్క మారుతుంది, నా దృష్టిలో ఈ ఆట అసలు బలం అక్కడే ఉంది. ఎదుటి గైల్ ముందుకు నడిచాడంటే సోనిక్ బూమ్ సిద్ధంగా లేదన్నమాట. వెంటనే మీద పడండి. ఇద్దరూ ర్యూనే తీసుకోవాలనుకుంటే 1992 నాటి చాంపియన్ ఎడిషన్ చూడండి, మొదటి వెర్షన్‌లో అది కుదరదు.