టర్బో విప్పబోయే అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

లారీ టర్బో (ఇంజిన్ పొగ బలంతో తిరిగి సిలిండర్లలోకి గాలిని నొక్కే యంత్రం) పాడైందనీ, ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి గాలిని నొక్కే కంప్రెసర్ వీల్ పెద్దది వేసి గాలి పెంచుదామనుకుంటున్నావనీ రాశావు. తప్పకుండా చెయ్యి. కానీ స్పానర్ పట్టుకునే ముందు పాత టర్బో ఎందుకు పోయిందో తేల్చుకో. టర్బో తనంతట తాను పోవడం అరుదు. ఆయిల్ అందకో, ఆయిల్‌లో మురికి చేరో, ఏదో ముక్క వచ్చి వీల్‌కి తగిలో, లోడు లాగి లాగి వేడి మీదున్న ఇంజిన్‌ని టక్కున ఆపేస్తేనో పోతుంది. ఆ కారణం బండిలో అలాగే ఉంటే, నువ్వు ఎంత బాగా రీబిల్డ్ చేసినా కొత్తదీ అదే దారి పడుతుంది.

విప్పిన ముక్కల్ని వెంటనే కడిగెయ్యకు, ముందు వెలుతురులో పెట్టి చూడు. షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోట నీలం రంగు తిరిగితే ఆయిల్ అందలేదు. చుట్టూ గీతలు పడి ఉంటే ఆయిల్‌లో మురికి ఉంది. కంప్రెసర్ బ్లేడ్ల ముందు అంచులు పల్చగా అరిగితే ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య ఎక్కడో దుమ్ము లాగుతోంది. పొగతో తిరిగే టర్బైన్ వీల్ బ్లేడ్లు చితికితే ఇంజిన్ లోంచో పొగ పోయే మానిఫోల్డ్ లోంచో ఏదో ఊడి వచ్చింది, అది ఏమిటో దొరికేదాకా పని ఆపు. ఇక ఆయిల్ కక్కుతోందని వచ్చిన టర్బోల్లో చాలా వాటికి సీల్ తప్పే ఉండదు. అక్కడ ఉన్నది రబ్బరు సీల్ కాదు, చిన్న పిస్టన్ రింగ్ లాంటిది. వాడిన ఆయిల్ తన బరువుతోనే కిందికి జారి ఇంజిన్ అడుగున ఉన్న ఆయిల్ తొట్టిలో (సంప్) పడాలి. డ్రైన్ పైపు నలిగినా, అడ్డు పడినా, పిస్టన్ల పక్కనుంచి క్రాంక్‌కేస్‌లోకి జారే గ్యాస్ (బ్లోబై) పెరిగినా ఆయిల్‌కి పోయే దారి లేక రింగ్ దాటి బయటికొస్తుంది. అలాంటి బండికి ఎన్ని రింగులు మార్చినా లాభం లేదు.

గాలి సంగతి. బూస్ట్ (టర్బో నొక్కిన గాలి ప్రెషర్) మీటర్ ఎక్కువ చూపిస్తే గాలి ఎక్కువ పోతోందని చాలామంది అనుకుంటారు. నీళ్ల గొట్టం మూతి వేలితో నొక్కితే లోపల ప్రెషర్ పెరుగుతుంది, నీళ్లు పెరగవు. ఇదీ అంతే. పైగా గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే పల్చబడుతుంది. 150 డిగ్రీల్లో ఉన్న గాలిని అదే ప్రెషర్‌లో 50 డిగ్రీలకి చల్లబరిస్తే సిలిండర్‌లోకి సుమారు 30 శాతం ఎక్కువ గాలి పడుతుంది. అందుకే పెద్ద వీల్ కంటే ముందు, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లోపల ఆయిల్ జిడ్డు, బయట ఫిన్స్‌లో మట్టి కడుగు. హోసులన్నీ ప్రెషర్ పెట్టి సబ్బు నీళ్లతో పరీక్షించు. ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే పైపు లోపలి పొర ఊడి నోరు మూసుకుంటోందేమో చూడు. టర్బో తర్వాత సైలెన్సర్ దాకా ఎక్కడ ఇరుకుందో కూడా చూడాలి, పొగ బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు. నన్నడిగితే సగం బళ్ల పికప్ ఇక్కడే తిరిగొస్తుంది.

ఇదంతా చూశాక విప్పు. హౌసింగులు ఏ కోణంలో కూర్చున్నాయో సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టుకో. షాఫ్ట్ కొస, నట్, కంప్రెసర్ వీల్ మూడింటి మీదా ఒకే వరసలో సన్నటి గీత గీసుకో. చాలా టర్బోల్లో ఆ నట్ రివర్స్ త్రెడ్, తెలియక బలంగా తిప్పితే షాఫ్ట్ పోతుంది. టర్బైన్ వైపు మధ్యలో ఉన్న పట్టుని సాకెట్‌తో పట్టుకో, బ్లేడ్లని మాత్రం పట్టుకోకు. నట్ విప్పేటప్పుడు చెయ్యి పక్కకి వాలితే సన్నటి షాఫ్ట్ వంగుతుంది, ఆ వంకర కంటికి కనబడదు. మసిని ద్రావకంలో నానబెట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో తియ్యి. వైర్ బ్రష్, ఇసుక బ్లాస్టింగ్ వద్దు. ఆయిల్ దారుల్లో ఒక్క రేణువు మిగిలినా కొత్త బేరింగుల్ని తినేస్తుంది.

బిగించాక షాఫ్ట్‌ని చేత్తో ఆడించి భయపడకు. పక్కలకి కాస్త కదులుతుంది, ఆయిల్ నిండాక పొర మీద తేలి నిలబడుతుంది. ముందుకీ వెనక్కీ మాత్రం చేతికి దాదాపు తెలియకూడదు. డయల్ గేజ్ పెట్టి కొలిచి తయారీదారు ఇచ్చిన హద్దుతో పోల్చు. బ్యాలెన్సింగ్ విషయంలో మొహమాటం, పిసినారితనం రెండూ వద్దు. చిన్న టర్బోలు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి, లారీవి కాస్త నెమ్మది, అంతే. వీల్ మార్చావంటే మెషిన్ మీద బ్యాలెన్స్ చేయించాల్సిందే.

పెద్ద వీల్ అంటే హౌసింగ్ లోపలి వంపుని దానికి తగ్గట్టు లేత్ మీద తీయించాలి. బ్లేడుకీ హౌసింగ్‌కీ మధ్య సందు ఎక్కువైతే గాలి వెనక్కి జారిపోతుంది, తక్కువైతే రాసుకుంటుంది. ఎంత పెద్దది వేయాలో కంప్రెసర్ మ్యాప్ (ఏ ప్రెషర్‌లో ఎంత గాలి ఇస్తుందో చూపే పటం) చూసి తేల్చు. లారీ ఎక్కువ సేపు 1200 నుంచి 1600 ఆర్‌పీఎం మధ్య లోడు లాగుతుంది. అక్కడ పెద్ద వీల్ బూస్ట్ ఆలస్యంగా ఇస్తుంది, లేదా సర్జ్‌లో పడుతుంది. ఎత్తు ఎక్కుతుంటే దడదడమని గాలి వెనక్కి తన్నిన శబ్దం వస్తే అదే, షాఫ్ట్‌ని ముందుకీ వెనక్కీ కదలకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ ఎక్కువ కాలం తట్టుకోదు. ఒక్క మెట్టు పెద్దది చాలు. డీజిల్ పెంచాలనిపిస్తే ముందు టర్బైన్‌కి ముందు వైపు పొగ ఉష్ణోగ్రత మీటర్ పెట్టు, 700 డిగ్రీల దగ్గరే నిలబడిపోతుంటే డీజిల్ తగ్గించు. వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగని పక్కకి వదిలే తలుపు) రాడ్ బిగించి బూస్ట్ దొంగిలించే పని అసలు వద్దు. పొగ శుద్ధి చేసే పరికరాల జోలికీ వెళ్లకు, అది చట్టానికి అడ్డు, పీల్చే జనానికి హాని.

ఎక్కించాక ఆయిల్ పైపు బిగించే ముందు రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి వీల్‌ని చేత్తో తిప్పు. ఆయిల్ ఫ్లాంజుల దగ్గర సిలికాన్ పూయకు, పిసరు ఊడినా దారి మూసుకుపోతుంది, గ్యాస్కెట్ చాలు. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి. డీజిల్ కట్ చేసి ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్ తిప్పి, తర్వాత స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. డ్రైవర్‌కి కూడా చెప్పు, లోడు లాగి వచ్చాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచే ఇంజిన్ ఆపమని.

మార్చక ముందు, మార్చిన తర్వాత అదే ఎత్తు, అదే లోడు, అదే గేర్‌లో బూస్ట్, ఇంటర్‌కూలర్ దాటిన గాలి ఉష్ణోగ్రత, పొగ ఉష్ణోగ్రత మూడూ రాసి నాకు పంపు. విప్పిన బేరింగుల ఫోటోలు కూడా పెట్టు, అవి చూస్తే పాత టర్బో ఎందుకు పోయిందన్న మొదటి ప్రశ్నకి మనిద్దరం కలిసి జవాబు చూడొచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న