సుళ్ళు చూసి కొన్న గుర్రానికి జాతి కాగితం వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. పెళ్ళి బారాత్‌లకు గుర్రాలు తిప్పుతాం. మూడేళ్ళ కింద నాందేడ్ వైపు మాలేగావ్ జాతరలో రాజస్థాన్ వైపు మార్వాడీ జాతిదని చెబితే నమ్మి ఒక ఆడగుర్రాన్ని కొన్నాం. కాగితాలేమీ ఇవ్వలేదు. దానికిప్పుడు ఎనిమిది నెలల మగపిల్ల ఉంది. దాన్ని జాతి గుర్రాల పోటీలో నిలబెట్టి ప్రైజు కొడితే జాతి సర్టిఫికెట్ వస్తుందని ఒకాయన చెప్పాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: రాదు తమ్ముడూ. ప్రైజు కొడితే షీల్డు వస్తుంది, బేరంలో నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతుంది. జాతి వంశాలు రాసిపెట్టే పుస్తకంలో, అంటే స్టడ్‌బుక్‌లో, పేరు మాత్రం ఆ దారిన ఎక్కదు.

పోటీలో జడ్జి చూసేది ఆ రోజు బరిలోకి వచ్చినవాటిలో ఏది మేలనే. రెండే వస్తే ఆ రెండింట్లో ఒకటి ఫస్టు. స్టడ్‌బుక్ తనిఖీలో పక్క గుర్రంతో పనిలేదు. ఆ జాతి ఎలా ఉండాలో రాసిన కాగితం ఒకవైపు, మీ గుర్రం ఒకవైపు. వచ్చినవన్నీ పాస్ కావచ్చు, ఒక్కటీ కాకపోవచ్చు.

ఈ తేడా నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పరకాల వైపు పనిచేసే రోజుల్లో ఒక పశు ప్రదర్శనలో నన్ను జడ్జిగా పెట్టారు. నున్నగా మెరుస్తున్న ఆడ తట్టు గుర్రం ఒకటి వచ్చింది. ఫస్టు ఇచ్చేశాను. నోరు తెరిచి చూడలేదు. రెండేళ్ళకు దాని యజమాని ఓ పిల్లను తోలుకుని దవాఖానకు వచ్చాడు. పై పళ్ళు కింది పళ్ళను దాటి వేలి మందాన ముందుకున్నాయి, పాపం గడ్డి కొరకలేకపోతోంది. తల్లి నోరు తెరిస్తే అక్కడా అదే. “మీరు ఫస్టు ఇచ్చారనే దాటించాం సార్” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే తనిఖీలో నోరు తప్పకుండా చూస్తారు. ఎత్తు కొలిచేటప్పుడు గచ్చులాంటి చదును నేల మీద నిలబెట్టి, మూపు ఎత్తైన చోట కొలకర్ర ఆనిస్తారు. దాని అడ్డపట్టీకి మేస్త్రీల రసమట్టం లాంటిదే ఉంటుంది. తర్వాత గట్టి నేల మీద ఎదురుగా, వెనక నుంచి నడిపించి చూస్తారు. మగదైతే బీజాలు రెండూ దిగి ఉండాలి.

ఇక సుళ్ళు. మనవాళ్ళు గుర్రం కొనేముందు మంచి సుడి, చెడ్డ సుడి అని వెతుకుతారు కదా. తనిఖీకి వచ్చినాయన కూడా నుదుటి మీద, మెడ మీద వేలు పెట్టి వెంట్రుకలు తిరిగిన చోటు పట్టుకుంటాడు. అచ్చువేసిన గుర్రం బొమ్మ మీద సరిగ్గా అక్కడే గుర్తు పెడతాడు. తెల్లమచ్చ అంచు ఎలా ఉంటే అలా గీస్తాడు. ఆయన చూసేది శకునం కాదు, రేపు ఈ కాగితంతో ఇంకో గుర్రాన్ని అమ్మకుండా ఆనవాలు. మెడ ఎడమవైపు జూలు కింద వేసే మైక్రోచిప్ కూడా అందుకే.

ఐర్లండ్‌లో కొన్నెమారా పోనీలకు, అంటే అక్కడి పొట్టిజాతి గుర్రాలకు, 1923లోనే పెంపకందార్ల సొసైటీ పెట్టుకున్నారు. అక్కడ పిల్ల పుట్టగానే తల్లిదండ్రుల వివరాలతో నమోదవుతుంది. రెండేళ్ళు నిండాక తనిఖీకి వెళ్తుంది. ఎత్తు 128 నుంచి 148 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. షెట్లాండ్ పోనీల సొసైటీ ఇంకా పాతది, 1890 నాటిది. వాటికి 42 అంగుళాలు దాటకూడదు. మన సింగరేణి వాళ్ళు ఆసక్తిగా వింటారు, బ్రిటన్ గనుల్లో బొగ్గు టబ్బులు లాగినవాటిలో ఈ పొట్టి గుర్రాలూ ఉన్నాయి.

మీ విషయానికి వస్తే, మాలేగావ్‌లో అమ్మేవన్నీ మార్వాడీలు కావు. మార్వాడీకి చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి. కలగలుపు గుర్రాల్లోనూ కొంత వంపు కనిపిస్తుంది కాబట్టి చెవులొక్కటే చూసి నమ్మొద్దు. మీది భీమ్‌థడీ, అంటే దక్కనీ తట్టు అయినా చిన్నబుచ్చుకోకండి. దాన్ని ఒక జాతిగా కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించింది. అయితే జాతికి గుర్తింపు రావడం వేరు, మీ గుర్రం నమోదు కావడం వేరు.

మీరు వెంటనే చేయాల్సింది ఒకటుంది. పిల్ల తండ్రి ఏ గుర్రమో, ఎప్పుడు దాటించారో రాసి, ఆ గుర్రం యజమాని చేత సంతకం పెట్టించుకోండి. రేపు ఆయన దాన్ని అమ్మేస్తే మీకు ఆధారం ఉండదు. ఆ జాతి స్టడ్‌బుక్ నడిపే సొసైటీకి అర్జీ పెట్టేముందు ఒక్క మాట అడగండి: తల్లికి కాగితాలు లేకపోయినా తనిఖీ చేసి చేర్చుకుంటారా? కొన్ని పుస్తకాలు అలా చేర్చుకుంటాయి, కొన్ని అసలు చేర్చుకోవు. డీఎన్‌ఏ పరీక్ష అంటే జూలు వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి పంపాలి, కత్తిరిస్తే పనికిరావు.

పోటీకి తప్పకుండా వెళ్ళండి, నేను వద్దనను. వెళ్ళేముందు గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు, బారాత్‌లో పిల్లలంతా మీ గుర్రం చుట్టూనే ఉంటారు. కోరుట్ల పశువైద్య కళాశాల మీకు దగ్గరే, తల్లీపిల్లలను ఒకసారి చూపించండి. చెవులు, నుదుటి సుడి కనబడేలా ఎదురుగా తీసిన ఫోటో నాకూ ఒకటి పంపండి.