మాల్టాలో బస్సు ఫ్రీగా ఉండగా అప్పు చేసి స్కూటర్ ఎందుకు?

ప్రశ్న: సార్, మాది కోరుట్ల. మాల్టా వచ్చి ఏడాది కావస్తోంది. సెయింట్ జూలియన్స్‌లో హోటల్ కిచెన్‌లో పని, బుజిబ్బాలో నలుగురం కలిసి ఉంటున్నాం. బస్సులతో విసిగిపోయాను. తెలిసినాయన 1,500 యూరోలకు స్కూటర్ ఇస్తానంటున్నాడు. ఇక్కడికి రావడానికి చేసిన 4 లక్షల అప్పు అలాగే ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇంకో లక్షన్నర అదే వడ్డీకి తెచ్చి కొనొచ్చా? జులైలో మా ఆవిడ రెండు వారాలకు వస్తోంది, తనకు బస్సు పాసు తీసుకోవాలా?

జవాబు: స్కూటర్ వద్దు. కనీసం ఆ అప్పు తీరేదాకా వద్దు.

అన్నిటికంటే ముందు ఒక సంగతి చూసుకోండి. మీ దగ్గర మీ పేరుతో, ఫోటోతో ఉన్న తలీన్యా కార్డు, అంటే అక్కడి బస్సు కార్డు, ఉందా, లేక రోజూ డబ్బులిచ్చి ఎక్కుతున్నారా? 2022 అక్టోబర్ 1 నుంచి ఆ కార్డు ఉన్నవాళ్లకు అక్కడి మామూలు రూట్లలో బస్సు ప్రయాణం ఫ్రీ. రెసిడెన్స్ కార్డు చేతికి రావడం ఆలస్యమైందని మొదట్లో టికెట్ కొని తిరిగి, తర్వాత అదే అలవాటులో ఉండిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. ఎండాకాలంలో టికెట్ రెండున్నర యూరోలు, చలికాలంలో రెండు. రోజుకు రెండుసార్లు, నెలకు 26 రోజులంటే ఎండాకాలంలో 130 యూరోలు. యూరోను వంద రూపాయలనుకుంటే 13 వేలు. మీ నాలుగు లక్షలకు నెల వడ్డీ ఎనిమిది వేలే! కార్డు లేకపోతే ఈ వారమే అప్లై చేయండి. ఫ్రీయే కదా అని మెషిన్‌కు చూపించకుండా కూర్చోవద్దు, ఎక్కిన ప్రతిసారీ ట్యాప్ చేయాలి.

ఇక స్కూటర్ లెక్క. లక్షన్నరకు నెలకు మూడు వేలు వడ్డీ, అంటే మొత్తం వడ్డీ 11 వేలకు చేరుతుంది, అసలు రూపాయి కూడా తగ్గదు. దానిమీద ఇన్సూరెన్స్, ఏటా కట్టే రోడ్డు లైసెన్స్, పెట్రోలు, రిపేర్లు. మీరు వచ్చి ఏడాది అవుతోందన్నారు, మన ఇండియా లైసెన్స్‌తో అక్కడ బండి నడిపే గడువు ఏడాదే, ఆ తర్వాత అక్కడి టెస్టు పాసవ్వాలి. అంటే బండి కొన్న కొద్ది రోజులకే నడపకూడని పరిస్థితి వస్తుంది.

మీ విసుగు నాకు అర్థమవుతుంది. జులై, ఆగస్టుల్లో టూరిస్టులతో నిండిన బస్సు మీ స్టాప్‌లో ఆగకుండా వెళ్లిపోతే, అవతల షిఫ్ట్ టైమ్ దగ్గరపడుతుంటే ఎవరికైనా టెన్షనే. బుజిబ్బా నుంచి కోస్ట్ రోడ్డు మీదుగా స్లీమా వెళ్లే 212 మీ రూట్. దారిలో స్టాప్‌లో నిలబడకుండా అది బయల్దేరే బుజిబ్బా బస్ స్టేషన్‌కే నడిచివెళ్లి ఎక్కండి, చోటు దొరుకుతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే బస్సు స్లీమాలో నిండి సెయింట్ జూలియన్స్‌కు వస్తుంది కాబట్టి, సాయంత్రం ఖాళీ ఉంటే సముద్రం ఒడ్డున స్లీమా వైపు నడిచి ముందు స్టాప్‌లలో ఎక్కడం మంచిది. దారి స్టాప్‌లో అయితే దూరం నుంచే చెయ్యి ఎత్తండి, ఊరికే నిలబడితే డ్రైవర్ ఆపడు.

అసలు చిక్కు రాత్రి షిఫ్ట్. కిచెన్ మూసేసరికి చివరి బస్సు వెళ్లిపోతే, అప్పుడు బోల్ట్ క్యాబ్ బుక్ చేసి, ఆ వైపు వెళ్లే తోటివాళ్లతో పంచుకోండి. వారానికి ఒకటి రెండు రాత్రులైతే అది స్కూటర్ కంటే చవకే. రోజూ అదే పరిస్థితైతే మారాల్సింది బండి కాదు, గది. అగ్రిమెంట్ అయిపోగానే స్వీకీ, గ్జీరా వైపు పంచుకునే గది చూడండి. మీ వాటా అద్దె నెలకు 50, 60 యూరోలు పెరిగినా నాకు అభ్యంతరం లేదు. హోటల్ నుంచి అర్ధరాత్రి నడిచి ఇల్లు చేరొచ్చు, రోజూ ప్రయాణంలో పోయే టైమ్ మిగులుతుంది, అప్పు పెరగదు. ఆ టైమ్‌లో ఓవర్‌టైమ్ దొరికితే వచ్చిన ప్రతి యూరో అసలుకే కట్టండి. ఏడాదికి 24 శాతం వడ్డీ ఇది, దీన్ని తీర్చడం కంటే మంచి పెట్టుబడి ఇప్పుడు మీకు ఇంకొకటి లేదు.

మీ ఆవిడ విషయానికొస్తే, ఆమెకు ఫ్రీ కార్డు రాదు. ఏడు రోజులు ఎన్నిసార్లైనా బస్సు ఎక్కే ఎక్స్‌ప్లోర్ కార్డు 25 యూరోలు. విడి టికెట్ రెండు గంటలు చెల్లుతుంది, మధ్యలో బస్సు మారినా మళ్లీ కొననక్కర్లేదు. అంటే వారంలో పదికి మించి టికెట్లు అవసరమైతేనే కార్డు లాభం. మొదటి వారం వల్లెట్టా, మ్‌దీనా, పక్క దీవి గోజో అన్నీ పెట్టుకుని ఆ వారానికి మాత్రమే కార్డు తీసుకోండి, రెండో వారం విడి టికెట్లు చాలు. మాల్టాలో చాలా రూట్లు వల్లెట్టా కోట గుమ్మం బయట, ట్రైటన్ ఫౌంటెన్ దగ్గరి టెర్మినస్‌కే చేరతాయి కాబట్టి ఎక్కడికి వెళ్లినా తిరిగి రావడానికి ఇబ్బంది ఉండదు. ఎయిర్‌పోర్ట్ నుంచి బుజిబ్బాకు ఎక్స్3 నేరుగా వస్తుంది, టాక్సీ అవసరం లేదు. గోజో ఫెర్రీకి మాత్రం ఆ కార్డు చెల్లదు. మాల్టా వైపు చిర్కేవా రేవులో ఎక్కేటప్పుడు ఏమీ అడగరు, తిరుగు ప్రయాణంలో గోజో వైపు రేవు మ్‌జార్‌లో టికెట్ తీసుకోవాలి. గోజోలో దిగాక అక్కడి బస్సుల్లో మళ్లీ అదే కార్డు పనికొస్తుంది.